గేటుకు కట్టిన చెయ్యి

పోయిన వారం మనం పళ్ళమ్మను వంటింటి గుమ్మంలో, చేతిలో పాలగిన్నెతో, నోరు తెరుచుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది. మరిచిపోయినవాళ్ళ కోసం, ఈ వారమే కొత్తగా పత్రిక తిరగేస్తున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ఆవిడ దగ్గరికి వెళ్దాం.

పళ్ళమ్మ అనగానే పళ్ళ బండి గుర్తొస్తే ఆ తప్పు మీది కాదు. కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న వర్క్‌షాపులో ఆవిడ ఉద్యోగం. పొద్దస్తమానం గులాబీరంగు మైనంలో పళ్ళు గుచ్చడం, అరగదీయడం, మెరుగు పెట్టడం. ఆ వీధిలో సగంమంది ముసలివాళ్ళ నవ్వులు ఆవిడ చేతి చలవే. భర్త పోయాడు. ఒక్కగానొక్క కూతురు చిట్టి ఉద్యోగమని వేరే ఊరు వెళ్ళింది. ఖాళీ ఇల్లు మీద పడి మింగేలా ఉందని పళ్ళమ్మ జంతువుల షెల్టర్‌కు వెళ్ళి, తనకూ ఏదైనా అప్పజెప్పమని అడిగి వచ్చింది. జబ్బుపడ్డవాటిని, బోనులో బెంగపెట్టుకున్నవాటిని వాళ్ళు అలాంటి ఇళ్ళకు పంపుతారు. కోలుకునేదాకా సాకాలి, కోలుకున్నాక కళ్ళు తుడుచుకుని వెనక్కి ఇచ్చేయాలి.

అలా వచ్చిందే ఈ నల్లకుక్క. మూతి నెరిసిపోయింది కనక ఆవిడ దాన్ని తాత అని పిలుస్తుంది. షెల్టర్ గేటు తెరవకముందే ఎవరో వచ్చి గొలుసుతో గేటుకు కట్టేసి వెళ్ళిపోయారు. వచ్చిన దగ్గర్నుంచి అది ఒక్కసారైనా మొరగలేదు. ఎవర్ని చూసీ తోక ఊపలేదు. అలాంటి కుక్క, చిట్టి సూట్‌కేసు లాక్కుంటూ లోపలికి అడుగు పెట్టగానే, వణుకుతున్న కాళ్ళ మీద లేచి, తోక ఊపుకుంటూ వెళ్ళి ఆమె పాదాల మీద తల ఆనించింది.

జరిగిందంతా పళ్ళమ్మ చూసింది.

ముందు ఆవిడకు సంతోషమే వేసింది. నా కూతురి కాలు మంచిదని అనుకుంది కూడా. తీరా తలెత్తి చూస్తే ఆ కూతురి ముఖంలో నెత్తుటిచుక్క లేదు. సూట్‌కేసు వదిలేసి, వీపు తలుపుకు ఆనించి, కుక్క తల తన పాదాల మీద ఉన్నందుకు కదలలేక నిలబడిపోయింది.

"ఏమే, అలా అయిపోయావేం? ఏం చెయ్యడు వాడు. నోట్లో సరైన పళ్ళు కూడా లేవు."

"భయమేం లేదు. దాన్ని అవతలికి తీసుకెళ్ళమ్మా. తను వచ్చే టైమైంది. వచ్చేసరికి ఇల్లంతా కుక్క బొచ్చుంటే బాగుంటుందా?"

తను అంటే చిట్టి చేసుకుంటానన్న మనిషి. ఓడల మీద మెకానిక్. ఏడాదిలో సగం సముద్రం మీదే ఉంటాడు. భార్య పోయి కొన్నేళ్ళయింది. ఇవాళ సాయంత్రం పెళ్ళి మాట మాట్లాడడానికి మొట్టమొదటిసారి వస్తున్నాడు. అందుకే పళ్ళమ్మ వర్క్‌షాపుకు సెలవు పెట్టి, ఇంతకుముందు సాకిన పిల్లి చీరేసిన సోఫా మీద కొత్త దుప్పటి కప్పి, అది జారిపోకుండా నాలుగు మూలలా పిన్నులు కొట్టింది.

"ఇంతకుముందు కుక్క బొచ్చంటే నీకు లెక్కే ఉండేది కాదు" అంటూ ఆవిడ గిన్నె కింద పెట్టి, కుక్కను లేపడానికి వంగింది. "తాతా, రారా, పెద్దమనుషులొస్తున్నారట, మనం పనికిరామట."

కుక్క చెవి కూడా కదపలేదు.

"అటునుంచి పిలవకమ్మా, ఎడమ చెవి వినపడదు" అంది చిట్టి.

పళ్ళమ్మ వంగినది వంగినట్టే ఉంది. కుక్కకు చెవుడని షెల్టర్ డాక్టరు చెప్పలేదు. ఇన్నాళ్ళూ పక్కనే పడుకుని, చేత్తో తినిపించిన తనకే తెలీదు. పిలిస్తే పలకనప్పుడల్లా, పాపం మనుషుల మీద అలిగింది కాబోలనుకుంది.

ఆవిడ మెల్లగా నడుం నిలబెట్టింది.

"నీకెలా తెలుసే?"

"అంటే... చూస్తుంటే తెలియడం లేదా?"

"చిట్టీ."

చిన్నప్పుడు గాజుగ్లాసు పగలగొట్టి నేరం పిల్లి మీద పెట్టినప్పుడు కూడా ఆవిడ ఇలాగే, గొంతు పెంచకుండా, ఒక్క పేరు పిలిచి ఊరుకునేది. అప్పుడూ చిట్టి ఆగలేకపోయేది, ఇప్పుడూ ఆగలేకపోయింది. కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతటవే కారిపోయాయి.

"తన కుక్కమ్మా. తనది కూడా కాదు, ఆవిడది. పోయినావిడది. దాని పేరు బొగ్గు."

పేరు వినగానే కుక్క తల ఎత్తింది. తాత అని ఎన్నిసార్లు పిలిచినా ఎత్తని తల.

"మరి ఇక్కడికెలా వచ్చాడు?" అని పళ్ళమ్మ అడిగింది. అడిగిందే కానీ, జవాబు అప్పటికే ఆవిడకు తెలిసిపోయింది. పిన్నులు కొట్టిన దుప్పటి మీద కూలబడింది.

చిట్టి నేల చూపులు చూస్తూ చెప్పింది. ఓడ ఎక్కేముందు అతను కుక్కను చిట్టి అద్దె గదిలో వదిలివెళ్ళాడు. నిన్ను తప్ప ఎవర్నీ నమ్మనన్నాడు. అది గుమ్మం దగ్గరే పడుకునేది. మెట్ల మీద ఆడమనిషి అడుగుల చప్పుడైతే చాలు, పోయినావిడే వచ్చిందనుకుని చెవి నిక్కించి లేచేది. లోపలికి వచ్చింది చిట్టి అని తెలిశాక మళ్ళీ తల వాల్చేసేది.

"రోజూ అంతేనమ్మా. రోజూ పనిచేసి అలిసిపోయి వస్తే, నువ్వా అన్నట్టు చూసేది. తను ఓడ మీంచి ఫోన్ చేసేవాడు. మొదటి మాట, బొగ్గు తిన్నాడా? తర్వాత, నువ్వు తిన్నావా? ఒక్కనాడైనా నన్ను ముందు అడగలేదు. పెళ్ళయ్యాక మాత్రం ఏముంటుంది? లోపల మేమిద్దరం, గుమ్మం దగ్గర ఆవిడ. ఎన్నాళ్ళు అలా ఉండను?"

"అందుకని?"

"దానికి దగ్గు పట్టుకుంది. ఇల్లుగలావిడ గొడవ మొదలెట్టింది. నా ఫ్రెండ్ కారులో తెచ్చి... నువ్వేగా చెప్పావు, అక్కడ ఎవర్నీ వెనక్కి పంపరని. ఎక్కడో రోడ్డు మీద వదలడానికి మనసు రాలేదు. మోకాళ్ళ నొప్పులు, ఇంక పిల్లి పిల్లల్ని తప్ప తీసుకోనన్నావుగా నువ్వు. నీ దగ్గరికే వస్తుందని నేను కలలోనైనా అనుకోలేదమ్మా."

అంటే ఈ పిల్ల సొంత ఊరికి వచ్చి, అమ్మ ఇంకా నిద్రలో ఉన్న ఇంటి వీధి దాటి వెళ్ళి, గేటుకు గొలుసు కట్టి, మళ్ళీ అదే వీధిలోంచి వెనక్కి వెళ్ళిపోయింది. ఏ ముక్కకు ముందు బాధపడాలో పళ్ళమ్మకు అర్థం కాలేదు. అన్నీ ఒకేసారి గుచ్చుకున్నాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పళ్ళమ్మ నోరు మంచిది కాదు. రోజూ పొద్దున తడిగుడ్డతో కుక్క కళ్ళ పుసి తుడుస్తూ, దాన్ని కట్టేసి పోయినవాళ్ళకు ఒక విడత శాపనార్థాలు పెట్టిగానీ ఆవిడ టీ తాగదు. ఆ కట్టిన చెయ్యి విరిగిపోను, ఆ చేతికి ముద్ద పుట్టకపోను, ఆ చెయ్యి పట్టుకునే దిక్కు లేకుండా పోను! వర్క్‌షాపులో తోటివాళ్ళకు కూడా ఇవన్నీ కంఠతా వచ్చేశాయి.

ఆవిడ లేచి వెళ్ళి కూతురి కుడిచెయ్యి అందుకుంది. కొడుతుందేమోనని చిట్టి కళ్ళు మూసుకుంది. పళ్ళమ్మ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. చిన్నప్పుడు మైనంతో ఆడి కాల్చుకున్న మచ్చ బొటనవేలి కింద అలాగే ఉంది.

"రోజూ తిట్టానే" అంది. "నా నోటితో నేను, ఈ చేతినే. నా నోరు పడిపోను."

"అమ్మా, ఇంకోటి ఉంది."

"ఇంకా ఉందా?"

"తనకి చచ్చిపోయిందని చెప్పాను. ఫోన్లో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎక్కడ పాతిపెట్టావని అడిగాడు. ఏదో ఒకటి చెప్పాలిగా. మా అమ్మ వాళ్ళ ఊళ్ళో, షెల్టర్ వెనకాల, పెద్ద చెట్టు కింద అన్నాను."

"షెల్టర్ వెనక చెట్టెక్కడిదే! గోడ ఉంది. గోడ అవతల మురిక్కాలవ ఉంది."

ఇంకో రోజైతే ఆ మాటకు ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఇవాళ ఎవరికీ నవ్వు రాలేదు.

"ఇవాళ ఆ చోటు చూస్తానంటున్నాడమ్మా. నేనేం చెయ్యను? అదెప్పుడూ నన్ను పట్టించుకోలేదు, దానికి నేనెవర్నీ కాదు. దాని కోసం నా బతుకు పాడవ్వాలా?"

పళ్ళమ్మ లోపలి గదిలోకి వెళ్ళి, మంచం పక్కన పరుపుముక్క మీద ఉన్న ఒక ఆకుపచ్చ స్వెట్టర్ తెచ్చి కూతురి ఒళ్ళో పడేసింది. బొచ్చు అంటుకుని, చేతులు సాగిపోయి, చూడ్డానికి అసహ్యంగా ఉంది.

"ఇది నాది" అంది చిట్టి.

"నీదే. పోయినసారి వచ్చినప్పుడు తలుపు వెనక వదిలేసి వెళ్ళావు. ఉతకడానికి మనసొప్పక అలాగే ఉంచుకున్నాను. నీ వాసన పోతుందని."

షెల్టర్‌లో ఒక పద్ధతి ఉంది. తిండి ముట్టని జంతువును ఏ ఇంటికి పంపాలనుకుంటారో, ఆ ఇంటి నుంచి ముందుగా ఒక వాడిన బట్ట, ఉతకనిది, తెప్పించి బోనులో వేస్తారు. ఆ ఇంటి వాసన అలవాటైతే వెళ్ళాక బెదరదని. ఈ కుక్క విషయంలో అన్ని ఇళ్ళ బట్టలూ అయిపోయాయి. దేన్నీ వాసన కూడా చూడలేదు. చివరికి షెల్టర్ పెద్దావిడ పళ్ళమ్మకు కబురు పెట్టింది. పళ్ళమ్మ బట్టలకేమో వర్క్‌షాపు మందుల కంపు. మనుషులే ముక్కు మూసుకుంటారు, కుక్క ఏం భరిస్తుందని, ఈ స్వెట్టర్ పంపింది.

"బోనులో వెయ్యగానే దాని మీద తల పెట్టుకుని పడుకున్నాడట. కాసేపటికి లేచి గిన్నె ఖాళీ చేశాడట. పెద్దావిడ ఫోన్ చేసి, అమ్మా, ఎవరికీ లొంగనివాడు నిన్ను ఎంచుకున్నాడంది. నేనెంత పొంగిపోయానో తెలుసా? వర్క్‌షాపంతా చెప్పుకున్నాను, నా చేతిలో ఏదో ఉందని. నా మొహం. నా చేతిలో ఏముంది? వాడు ఎంచుకుంది నిన్నే."

చిట్టి స్వెట్టర్ వైపు చూసింది, కుక్క వైపు చూసింది.

"గేటు తెరిచేసరికి గొలుసు కొరుకుతున్నాడట. ముందుపన్ను అలాగే విరిగింది. రోడ్డు వైపే చూస్తూ కొరికాడట. ఆ రోడ్డున వెళ్ళిన కారులో చచ్చిపోయినావిడ ఉందా? నువ్వున్నావు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అనేసింది. చిట్టి మోకాళ్ళ మీదికి జారిపోయి, స్వెట్టర్‌లో మొహం దాచుకుని, లోపల్నుంచి ఏదో తెగిపోయినట్టు ఏడ్చింది. కుక్క దగ్గరికి వచ్చి ఆమె మోచేతిని మూతితో పొడిచింది. తన స్వెట్టర్ తనకిమ్మన్నట్టు.

అంతలో బెల్లు మోగింది.

చిట్టి ఉలిక్కిపడి తల్లి కాళ్ళు చుట్టేసుకుంది. "అమ్మా, చెప్తాను, నేనే చెప్తాను, నా నోటితో నేనే చెప్తాను. ఇవాళ కాదు. ఇలా కాదు. నీకు దండం పెడతాను."

నిజం చెప్పాలంటే, పళ్ళమ్మకు ఆ క్షణంలో ధర్మం గుర్తుకు రాలేదు. తండ్రి పోయాక నవ్వడమే మానేసిన పిల్ల, ఈ మనిషి పరిచయమయ్యాక ఫోన్‌లో కిలకిలా నవ్వడం గుర్తుకొచ్చింది. ఆ నవ్వు వినడం కోసం ఆవిడ ఒక్కోసారి అక్కర్లేని ప్రశ్నలు కూడా అడిగేది.

"ముఖం కడుక్కో" అంది.

కుక్కను బాత్రూమ్‌లోకి నడిపించింది. నేల చల్లగా ఉంటుందని స్వెట్టర్ పరిచింది. అది కూర్చుని, ఆవిడ ముఖంలోకి చూసింది. ఎవరో కట్టేసి పోయారని ఇన్నాళ్ళూ ఊరంతా వినేలా దుమ్మెత్తిపోసిన మనిషి, తన చేత్తో తనే తలుపు మూసి గడియ పెట్టింది. వాడు మొరగడులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఇన్నాళ్ళలో ఎన్నడూ మొరగనివాడు.

వచ్చినతను మంచి పొడగరి. గుమ్మానికి తల తగులుతుందని వంగి లోపలికి వచ్చాడు. ఎండకు, ఉప్పుగాలికి మాడిన ముఖం. చేతిలో స్వీట్లు లేవు, పూలు లేవు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒక మొక్క కుండీని గుండెకు హత్తుకుని ఉన్నాడు.

"నమస్కారమండీ. అత్తయ్యగారూ అనొచ్చో లేదో తెలీదు, మీరు ఒప్పుకున్నాకే అంటాను" అని సిగ్గుపడ్డాడు.

"కూర్చో బాబూ. అటు కాదు, అక్కడ పిన్నులున్నాయి. ఇటు."

అతను కూర్చుని కుండీని పాదాల దగ్గర పెట్టుకున్నాడు. చిట్టి టీ తెచ్చింది. కళ్ళు వాచి ఉండడం చూసి అతను కంగారుపడ్డాడు. అంతలోనే అర్థమైనట్టు తల ఊపాడు.

"నాలాగే తనూ ఇంకా మర్చిపోలేకపోతోందండీ" అన్నాడు పళ్ళమ్మతో. "మా బొగ్గు గురించి చెప్పే ఉంటుంది. ఈ మొక్క వాడి కోసమే. మీరేమీ అనుకోకపోతే మిగతా మాటలు మాట్లాడుకునే ముందు, ఆ చెట్టు దగ్గరికి వెళ్ళి ఇది నాటి వద్దాం."

పళ్ళమ్మ చేతిలోని సాసరును ఒళ్ళో పెట్టుకుంది.

"మీతో దాచడమెందుకు" అన్నాడతను టీ కప్పులోకి చూస్తూ. "మళ్ళీ పెళ్ళి చేసుకోవాలని నాకు మొన్నటిదాకా లేదండీ. మీ అమ్మాయంటే ఇష్టం ఉండేది, ధైర్యమే ఉండేది కాదు. వాడు చివరి ఊపిరి ఈమె ఒళ్ళోనే వదిలాడట. తెల్లారేదాకా అలా పట్టుకుని కూర్చుందట. ఫోన్‌లో ఆ మాట విన్నాను చూడండి, అప్పుడు అనుకున్నాను. నాది కాని ప్రాణాన్ని నా కోసం అలా చూసుకున్న మనిషిని వదులుకుంటే నా అంత దరిద్రుడు ఉండడని."

చిట్టి గోడకు ఆనుకుని నిలబడింది. కూతురి వైపు చూడడానికి పళ్ళమ్మకు ధైర్యం చాలలేదు. దాచింది ఒక్క కుక్కనే అనుకుంది ఇప్పటిదాకా. పెళ్ళంతా ఆ కుక్క చావు మీదే నిలబడి ఉందని ఇప్పుడు తెలిసింది.

"మంచి కుక్కా బాబూ?" అని ఏదో ఒకటి అనాలి కనక అంది.

"మంచా? దొంగ!" అని అతను నవ్వాడు. పెద్ద గొంతు, ఇంజను గదుల్లో అరిచి అరిచి పెరిగిన గొంతు. ఆ నవ్వుకు చిన్న ఇల్లు నిండిపోయింది.

బాత్రూమ్‌లో ఏదో కదిలింది.

ముందు దగ్గు వినిపించింది. ఆ తర్వాత, ఎన్నాళ్ళుగానో తెరవని తలుపు కిర్రుమన్నట్టు ఒక బొంగురు మొరుగు. ఇంకొకటి. ఆ పైన ఆగలేదు.

అతని నవ్వు మధ్యలోనే నిలిచిపోయింది.

"ఇంట్లో కుక్క ఉందా అండీ?"

"షెల్టర్‌ది బాబూ. ముసలిది. నేను సాకుతుంటాను" అంది పళ్ళమ్మ. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

"వాడూ ఇంతేనండీ, ముందు ఒక దగ్గు దగ్గి గానీ మొరిగేవాడు కాదు." అతను కప్పు కింద పెట్టాడు. సంతోషమో దుఃఖమో తెలియని ముఖంతో, "చచ్చిపోయినవాడి గొంతు వినిపిస్తోంది నాకు. పిచ్చి కాకపోతే ఏంటి? ఒక్కసారి చూడొచ్చా? ఏ కుక్కైనా సరే, ఒక్కసారి తల నిమురుతాను" అన్నాడు.

అడిగింది ఎంత చిన్న కోరిక! కాదనడానికి ఏ కారణమూ దొరకలేదు. పళ్ళమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, బాత్రూమ్ వరకు నడిచి, గడియ మీద చెయ్యి వేసింది. అవతల గోళ్ళు తలుపును గీకుతున్నాయి. విరిగిన పన్నుతో చెక్కను కొరుకుతున్న చప్పుడు ఆవిడ అరచేతికి తెలుస్తోంది.

"అమ్మా, తియ్యకు!"

చిట్టి అరిచిన అరుపు అది. అరిచాక రెండు చేతులతో నోరు మూసుకుంది. కానీ ఆ మాట అప్పటికే అందరికీ వినపడిపోయింది.

అతను తలుపు వైపు తిరగలేదు. చిట్టి ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు. వాచిన ఆ కళ్ళు దేనికి వాచాయో ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ చదువుకుంటున్నట్టు చూశాడు. తర్వాత, చూపు తిప్పకుండానే, మెల్లగా పిలిచాడు.

"బొగ్గూ."

తలుపు అవతల మొరుగు ఆగిపోయింది. గడియ మీద పళ్ళమ్మ చెయ్యి అలాగే ఉంది.